మంచం ఇస్తారు, నిద్రకు హామీ లేదు

మన తాతల తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. ఊరు పెట్టిన అన్నంతోనే చదువు గట్టెక్కేది. అమెరికాలో దీనికి దూరపు చుట్టంలాంటి ఏర్పాటు ఒకటుంది. కొన్ని కాలేజీ ఊళ్ళలో విద్యార్థులు ఫైర్ స్టేషన్‌లోనే మకాం పెట్టి చదువుకుంటారు. గదికి అద్దె ఉండదు. బదులుగా వారంలో కొన్ని రాత్రులు డ్యూటీ చేయాలి, అలారం మోగితే లేచి బండెక్కాలి. వీళ్ళని అక్కడ లివ్-ఇన్‌లు అంటారు. మేరీలాండ్ యూనివర్సిటీ పక్కనున్న కాలేజ్ పార్క్ స్టేషన్, పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న స్టేట్ కాలేజ్ ఊళ్ళోని ఆల్ఫా ఫైర్ కంపెనీ ఇందుకు పేరున్నవి.

మనకిది వింతగా అనిపించడం సహజమే. ఇక్కడ 101కి ఫోన్ చేస్తే వచ్చేది ప్రభుత్వ జీతం మీద పనిచేసే సిబ్బంది. అమెరికాలోనూ పెద్ద నగరాల్లో అంతే. చిన్న ఊళ్ళ సంగతి వేరు. అక్కడ మంటలార్పేది ఎక్కువగా ఆ ఊరివాళ్ళే: పగలు బడిలో పాఠం చెప్పే పంతులు, కొట్టు నడిపే ఆసామి, కొళాయిలు బాగుచేసే మనిషి. ఈ అలవాటు ఆ దేశం కంటే పాతది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టింది 1736లో, అంటే స్వాతంత్ర్యానికి నలభై ఏళ్ళ ముందు. 2020 లెక్కల ప్రకారం అమెరికాలో మంటలార్పేవాళ్ళు సుమారు 10.4 లక్షల మంది ఉంటే, అందులో 6.77 లక్షల మంది వాలంటీర్లే.

ఈ పద్ధతికి ఒక పెద్ద బలహీనత ఉంది. అది ధైర్యం లేకపోవడమో నైపుణ్యం లేకపోవడమో కాదు, దూరం. రాత్రి రెండింటికి ఎక్కడో మంట లేచిందనుకోండి. వాలంటీరు ఇంట్లో పడుకుని ఉంటాడు. పేజరు మోగగానే లేచి, ప్యాంటు తొడుక్కుని, కారు తీసి, స్టేషన్‌కు వచ్చి, అక్కడ కోటూ బూట్లూ వేసుకుని, తోడు ఇంకొందరు వచ్చేదాకా ఆగి, అప్పుడు బండి తీయాలి. అసలు ప్రయాణం అప్పుడు మొదలవుతుంది. ఈ తేడాను ప్రమాణాలు రాసేవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. జీతపు సిబ్బంది అలారం అందిన 80 సెకన్లలో బయల్దేరాలన్నది లక్ష్యం. పల్లెల్లోని వాలంటీరు దళాలకైతే 14 నిమిషాల్లో ఆరుగురు ఘటనాస్థలానికి చేరితే చాలన్నారు.

మంట మాత్రం ఎవరికోసమూ ఆగదు. అందులోనూ ఇప్పటి మంట మరీ తొందరపాటుది. యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ పక్కపక్కన రెండు గదులు పెట్టి అంటించి చూసింది. పాతకాలపు చెక్క, దూది సామాన్లున్న గది మొత్తం భగ్గుమనడానికి 29 నిమిషాలు దాటింది. నురగ పరుపుల సోఫాలు, కృత్రిమ నూలు కర్టెన్లు ఉన్న ఇప్పటి తరహా గదికి 3 నిమిషాల 40 సెకన్లే పట్టింది. మన డ్రాయింగ్ రూముల్లో ఉన్నవీ ఆ సోఫాలే కాబట్టి ఈ అంకె మనమూ గుర్తుపెట్టుకోదగ్గది.

లివ్-ఇన్ కుర్రాడి విలువంతా ఇక్కడే ఉంది. స్టేషన్ అతనికి గది ఇచ్చి కొనుక్కునేది చాకిరీ కాదు, నిమిషాలు. బండి కింద, అతను పైన. అలారం మోగితే మెట్లు దిగడమే ఆలస్యం.

పైగా ఊళ్ళో వాలంటీర్లు తగ్గిపోతున్నారు. 1984లో దేశంలో దాదాపు 9 లక్షల మంది ఉండేవారు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, ఆ ఉద్యోగాలు కూడా దూరపు పట్నాల్లో. శిక్షణ గంటలు పెరిగాయి, పిలుపులూ పెరిగాయి. పిలుపులంటే అన్నీ మంటలే అనుకోకండి. దేశం మొత్తమ్మీద మూడింట రెండు వంతులు వైద్య సహాయానికే. నిజమైన మంటలు నూటికి నాలుగు. అందుకే చాలా స్టేషన్లలో కుర్రాళ్ళు హోస్ పట్టడంతో పాటు ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయం) శిక్షణ కూడా తీసుకుంటారు. మాడిన పాప్‌కార్న్ పొగకు హాస్టల్ అలారం మోగిందని, తమ తోటి విద్యార్థులను అర్ధరాత్రి చలిలో నిలబెట్టి గదులు తనిఖీ చేయాల్సిన రోజులూ వస్తాయి.

చేరగానే మంటలోకి పంపరు. మొదట ప్రాథమిక శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్. అంతవరకూ కొత్తవాడి పని బండి తుడవడం, వంటింట్లో గిన్నెలు కడగడం, పెద్దవాళ్ళ చేత చీవాట్లు తినడం. ఇది మన గురుకులాల్లోనూ ఉన్నదే కదా! చదివేది ఫైర్ ఇంజనీరింగే కానక్కర్లేదు, చరిత్రైనా అకౌంటింగైనా ఫరవాలేదు. అయితే మేరీలాండ్‌లో మంటల నుంచి రక్షణ మీదే ఇంజనీరింగ్ విభాగం ఉంది. పగలు మంట లెక్కలు క్లాసులో చదివి, రాత్రి దాని వేడి మొహానికి తగిలించుకునే అవకాశం ఎందరికి వస్తుంది?

నాకు ఇందులో అంతా పచ్చగా ఏమీ కనిపించడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి తిరిగొచ్చి, తడిసిన హోసు సర్ది, ఎనిమిదింటికి పరీక్ష రాయడం ఇరవై ఏళ్ళ వాడికి కూడా కష్టమే. మంటలార్పే వృత్తిని క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేరుస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2022లో ప్రకటించింది. మసి పట్టిన కోటును పడకగదిలోకి తేకూడదన్న నియమం శుభ్రత కోసం మాత్రమే కాదు. అద్దె మిగులుతుందన్న ఒక్క లెక్కతో చేరేవాడికి నా సలహా, మానుకోమనే.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. డబ్బు చేతికి రాకపోయినా, సేవకు బదులుగా వచ్చే ఉచిత గదిని ప్రతిఫలంగా లెక్కించే ప్రమాదం ఉంది. 'వాలంటీరే కదా' అని స్నేహితుడు చెప్పిన మాట వీసా ఆఫీసులో చెల్లదు. ముందుగా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

స్టేషన్ వైపు కష్టం వేరు. ఏడాది పాటు నేర్పి తయారుచేసిన కుర్రాడు డిగ్రీ చేతికి రాగానే పెట్టె సర్దుకుంటాడు. డిసెంబర్ సెలవుల్లో అయితే మంచాలు ఒకేసారి ఖాళీ అవుతాయి. చలికి ఇళ్ళల్లో హీటర్లు రాత్రంతా వెలిగే రోజులవి. ఆ కొన్ని వారాలు ఊళ్ళోని పాత వాలంటీర్లు మళ్ళీ తలగడ పక్కన పేజరు, గుమ్మం దగ్గర బూట్లు, కొక్కేనికి కారు తాళం పెట్టుకుని పడుకుంటారు.