భూగర్భ సంపద – త్రాగునీటి రక్షణ

భూమాత తన గర్భంలో ఖనిజాన్ని, జలాన్ని ప్రక్కప్రక్కనే దాచుకొన్నది. ఒకదానిని వెలికితీయబోయి రెండవదానిని చెరుపుకొనకుండ ఉండడం ఎట్లు? గోదావరి తీరంలో చమురు కొరకు, మన పులివెందుల ప్రాంతంలో యురేనియం కొరకు సాగిన త్రవ్వకాలు ఈ ప్రశ్నను మన ముందుంచినవి.

చమురుబావి వేలాది అడుగుల లోతునకు పోతుంది. త్రాగునీటి పొరలు చాల పైననే ఉంటాయి. అందుచేత త్రవ్వేటప్పుడు ఉక్కు గొట్టాన్ని దించి, గొట్టానికీ రాతికీ నడుమ సిమెంటు నింపుతారు. ఆ కవచం చెదరనంతకాలం చమురు గాని, లోతుననున్న ఉప్పునీరు గాని మంచినీటిలో కలియవు.

వీరపునాయునిపల్లెకు ఎంతో దూరం కాని తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో యురేనియం ఉత్పత్తి మొదలైనది. ఇక్కడి ఖనిజం సున్నపురాతి జాతికి చెందిన డోలమైటు శిలలో ఉన్నది. ఆమ్లం పోస్తే ఆ రాయే ఆమ్లాన్ని హరిస్తుంది. కనుక సోడియం కార్బొనేటు వంటి క్షారాలతో యురేనియాన్ని కరిగిస్తారు. టన్ను రాతిలో ఉన్నది అరకిలో కూడ కాదు. మిగిలిన రాతిపొడి బురదగా మారి కె.కె. కొట్టాల సమీపంలోని వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

చమురుబావికి గొట్టం ఎట్టిదో, ఈ చెరువుకు అడుగుపొర అట్టిది. వ్యర్థజలం భూమిలోనికి ఇంకకుండ బంకమన్ను, ప్లాస్టిక్ పొరలు అడ్డుపడాలి. ఈ పొర విషయమై 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషనుకు నోటీసు ఇచ్చినది. బోరునీరు చెడినదనీ, అరటితోటలు దెబ్బతిన్నవనీ రైతులు మొరపెట్టుకొన్నారు. సంస్థ అందుకు అంగీకరించలేదు.

ఇక్కడొక చిక్కు ఉన్నది. శిలలోనే యురేనియం ఉన్నచోట నీటిలో సహజంగానే కొంత కలిసి ఉండవచ్చు. త్రవ్వకానికి పూర్వపు నీటి లెక్క చేతిలో లేకుంటే, దోషం గనిదా, శిలదా అన్న వాదం తెగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అంతకు మించిన నీటిని చిరకాలం త్రాగితే మూత్రపిండాలకు ముప్పు. కారణం ఏదైనా త్రాగేవారికి ముప్పు ఒక్కటే; కనుక వాదం తేలేదాక మంచినీటి సరఫరా ఆగరాదు.

త్రవ్వకమే వద్దనడం సమతూకం కాదు. గ్రుడ్డిగా నమ్మమనడమూ కాదు. ముందుగా బావులన్నిటి నీటిని పరీక్షించడం, చెరువు చుట్టూ పరీక్షాబావులు వేయడం, ఫలితాలను పంచాయతీ గోడపై తెలుగులోను, ఉర్దూలోను వ్రాయడం – ఇదే సమతూకం.

పారే నది ఒడ్డున కూడ వజూ నీటిని దుబారా చేయరాదని ఇస్లాం బోధిస్తుంది. వానలు కరవైన మన సీమలో బోరునీటి యెడల ఇంకెంత జాగ్రత్త అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. రసాయనశాస్త్రం చదివే మన విద్యార్థులు తమ ఊరి బావినీటిని ఏటేటా పరీక్షించి లెక్క వ్రాసిపెడితే, రేపు ఆ లెక్కయే ఊరికి సాక్ష్యమవుతుంది.