జాబులన్నీ జవాబులే

కమ్యూనికేషన్ అన్న మాట మూలం లాటిన్‌లో ఉంది. ‘కమ్యూనిస్’ అంటే ఉమ్మడి. అందులోంచి వచ్చిన ‘కమ్యూనికారే’కి అర్థం పంచుకోవడం, నా ఒక్కడిదాన్ని నలుగురిదీ చేయడం. కమ్యూనిటీ, కమ్యూనిజం కూడా ఆ గూటివే.

రైలు పెట్టెలో లాగే గొలుసును మన చట్టం ఏమంటుందో తెలుసా? 1989 నాటి రైల్వే చట్టం 141వ సెక్షన్ ప్రకారం అది ప్రయాణికులకూ రైలు సిబ్బందికీ మధ్య కమ్యూనికేషన్ సాధనం. సరైన కారణం లేకుండా లాగితే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇలాంటి మాటలన్నిటిలో నాకు ఎక్కువ ముచ్చటగొలిపేది మన ‘ఉత్తరం’. సంస్కృతంలో ఉత్తరమంటే సమాధానం. ‘జాబు’ సంగతీ అంతే. అరబ్బీ ‘జవాబ్’ పార్సీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. జవాబు జవాబుగానే ఉండిపోయింది, జాబేమో ఉత్తరమైంది! ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రెండు మాటలూ తెలుగింట ఒకే పనికి కుదురుకున్నాయి. మొదటిసారి రాసేదైనా సరే, మనకది ఉత్తరమే. అవతలివాళ్లు మనసులో ఏదో అడిగే ఉంటారని, దానికే బదులు రాస్తున్నామని అనుకుంటే ఎంత బాగుంటుంది! ఉత్తర ప్రత్యుత్తరాలంటే, విడదీసి చూస్తే, జవాబులూ వాటికి మారు జవాబులూ.

‘కబురు’ కూడా అరబ్బీ ‘ఖబర్’ బిడ్డే. అక్కడ వార్త. ఇక్కడికొచ్చాక కబురంపడంతో ఆగకుండా, అరుగు మీద చెప్పుకునే కబుర్లదాకా విస్తరించింది.

లేఖకు మూలమైన ‘లిఖ్’ ధాతువుకు గీరడం అని అర్థం. తాటాకు మీద గంటంతో చేసింది అచ్చంగా ఆ పనే. ఇంగ్లీషు ‘రైట్’ కూడా పాతకాలంలో గీకడమే.

సంచారమంటే మనకు తిరగడం, సంచార జాతులు. హిందీలో అదే మాట కమ్యూనికేషన్‌కు స్థిరపడింది. బీఎస్‌ఎన్‌ఎల్‌లోని ‘ఎస్’ ఆ సంచారే.

వీణకుండే తంతి తెలుగులో టెలిగ్రామ్ కూడా అయింది, అది తీగ మీద వచ్చేది కాబట్టి. మన దేశంలో 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య ప్రయోగంగా మొదలైన ఆ తంతిని 2013 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ ఆపేసింది.

దేవకి పెళ్లినాడు కంసుణ్ని హెచ్చరించిన ఆకాశవాణి పేరును 1935లో మైసూరులో ఒక ప్రొఫెసర్, ఎం.వి. గోపాలస్వామి, తన రేడియో కేంద్రానికి పెట్టుకున్నారు. తర్వాత 1950లలో ఆ పేరే దేశమంతటి రేడియోదీ అయింది.