వైఫై ఉంది, నెట్ రాదు: రెండో రౌటర్ కొనే ముందు

రామసముద్రంలో ఒక ఇల్లైనా, చిన్న నెట్ సెంటరైనా సాధారణంగా ఒక్క రౌటర్ మీదే నడుస్తుంది. ఒక్కోసారి వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, పిల్లల స్కాలర్‌షిప్ ఫారం మాత్రం తెరుచుకోదు. కువైట్‌లో ఉన్న అబ్బాకు వీడియో కాల్ కలవదు. వెంటనే ఎవరో ఒకరు ఇంకో రౌటర్ తెచ్చుకోమంటారు. ఆగండి.

ప్రతి ఫోనుకూ నెట్‌వర్క్‌లో ఒక నంబరు అడ్రస్ కావాలి. దాన్ని రౌటర్ బాడుగకిచ్చినట్టు గడువు పెట్టి ఇస్తుంది. దీన్నే డీహెచ్‌సీపీ అంటారు, 1993 నుంచి ఉంది. గడువు సగమయ్యేసరికి ఫోనే అడిగి పొడిగించుకుంటుంది. జవాబు రాకపోయినా గడువు తీరేదాకా పాత అడ్రస్ చెల్లుతుంది. విండోస్ కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం.

ఇంట్లో రౌటర్ ఆగితే నెట్టే ఆగుతుంది. కాబట్టి అడ్రసుల కోసం ఇంకో పెట్టె కొనడం దండగే. పైగా వైఫై దూరం పెంచడానికి పెట్టిన రెండో రౌటర్ కూడా అడ్రసులు పంచితే ఇద్దరు మేస్త్రీల పని అవుతుంది. అందులో డీహెచ్‌సీపీ ఆపేయండి, పైసా ఖర్చు లేదు.

సెంటర్‌లో, స్కూల్ ల్యాబ్‌లో ఉండేవి అవే కంప్యూటర్లు. అక్కడ గడువు రోజులకు పెంచొచ్చు. ప్రింటర్‌కు, రౌటర్ పంచే వరస బయట, స్థిరమైన అడ్రస్ ఇవ్వండి. షాదీఖానాలో ఇది తిరగబడుతుంది: వందల ఫోన్లు వచ్చిపోతాయి, చిన్న రౌటర్‌కు ఉండేది మహా అయితే 250 చిల్లర అడ్రసులు. అక్కడ గడువు గంటకు తగ్గించాలి.