మూడు పొరల గిన్నె.. ఆరోగ్యానికి మేలేనా?

పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ అమ్మవారికి పొంగలి వండేవారికి ఈ తంటా తెలిసిందే. పల్చటి స్టీలు గిన్నెలో పైన బియ్యం ఉడకకముందే అడుగు మాడిపోతుంది. ఇంట్లో పాలు, పాయసం, ఉప్మా వండినా అంతే. దీనికి విరుగుడుగా ‘ట్రైప్లై’ పేరుతో మూడు పొరల గిన్నెలు వచ్చాయి. మామూలు స్టీలు కంటే ధర బాగా ఎక్కువ. మరి అంత పెట్టి కొనొచ్చా?

స్టీలుకు లేనిది ఏమిటి?

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, పులుపుకు లొంగదు. కానీ వేడిని సరిగా పంచలేదు. మంట తగిలినచోటే కాలిపోతుంది. అల్యూమినియం దానికంటే దాదాపు 15 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. అయితే చింతపండు పులుసు, టమాటా, గోంగూర వంటివి వండితే కొంత లోహం కూరలోకి దిగుతుంది. అందుకే రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం రేకును ఇరికిస్తారు. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పూయించిన మన పెద్దల ఉపాయం కూడా ఇలాంటిదే.

ఈ రేకులను అతికించేది జిగురు కాదు. వాటిని శుభ్రంగా గీకి, బరువైన రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. ఆ ఒత్తిడికి రేకులు సాగి, పైనున్న ఆక్సైడ్ పొర పగిలి, లోపలి తాజా లోహాలు ఒకదానికొకటి పట్టుకుంటాయి. తర్వాత వేడిచేసి ఆ పట్టును గట్టిపరుస్తారు.

ఎవరికి మేలు?

ఒంట్లోకి చేరిన అల్యూమినియాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. కాబట్టి ఆరోగ్యవంతులు కంగారు పడనక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో మాత్రం అది పేరుకుంటుంది. అలాంటివారు ఉన్న ఇంట్లో పులుపు వంటలకు స్టీలు లేదా మూడు పొరల గిన్నె మంచిది. నికెల్ అలర్జీ ఉన్నవారు మాత్రం కొత్త స్టీలు గిన్నెలో పులుసును ఎక్కువసేపు మరిగించవద్దు. మొదటి కొన్ని వాడకాల్లోనే నికెల్ ఎక్కువగా దిగుతుంది.

కొనేటప్పుడు..

* పొరలు అడుగున మాత్రమే ఉన్నాయా, అంచు దాకా ఉన్నాయా అని అడగండి. అడుగున మాత్రమే ఉంటే పక్కలు మాడే అవకాశం ఉంది.
* అడుగున రాగి రంగు కనిపించే గిన్నెలన్నీ ఇలాంటివి కావు. చాలావాటికి రాగి పూత మాత్రమే ఉంటుంది. వేడి పంచడానికి అది చాలదు.
* ఐఎస్‌ఐ ముద్ర చూడండి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు దీన్ని తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది.

వాడేటప్పుడు..

* మంట సన్నగా, లేదా మధ్యస్థంగా ఉంచండి. ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద వదిలేయొద్దు.
* నీళ్లు మరిగాకే ఉప్పు వేయండి. చల్లటి నీళ్లలో వేస్తే అడుగున పేరుకుని స్టీలుకు చిన్న గుంటలు పడతాయి.
* కాలిన గిన్నెలో చన్నీళ్లు పోయొద్దు, వంకరపోతుంది.
* అంచున అల్యూమినియం కనిపించే రకాన్ని డిష్‌వాషర్‌లో పెట్టొద్దు. ఘాటైన పొడి ఆ పొరను తినేస్తే స్టీలు అంచు పదునెక్కి చేతులు కోస్తుంది.
* పొరలు ఉబ్బినా, విడిపోయినా, గుంటలు లోపలి పొర దాకా దిగినా ఆ గిన్నె పక్కన పెట్టేయండి.

ఇంట్లోని గిన్నెలన్నీ మార్చాల్సిన పనిలేదు. అన్నానికి, టీకి మామూలు మందపాటి స్టీలు గిన్నె చాలు. అడుగంటే పాలకు, వేపుళ్లకు, పులుసులకు ఒక్క మూడు పొరల గిన్నె కొనుక్కుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.