మీకు తెలుసా? గుడియాత్తం దారిలో చక్రాల దవాఖానా

● వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వెలిసింది. అయినా పల్లెల నుంచి అంతదూరం రాలేని రోగులు ఎందరో!

● అందుకే 1906లో వైద్యమే బండెక్కింది. వేలూరు నుంచి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉండే గుడియాత్తం దారిలో ఆమె చెట్ల నీడన ఆగి, మందులిచ్చి, పుళ్లకు కట్లు కట్టేవారు.

● 1909లో ప్యూజో కారు వచ్చింది. ఎద్దుల్లేకుండా పరుగెత్తే బండిని చూసి, మొదట్లో జనం దయ్యమనుకుని పారిపోయారట!

● ఆ రోడ్డు పక్క దవాఖానాలే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) గ్రామీణ వైద్యసేవకు పునాది.

● ఆమెలాగే కావలసినవన్నీ బండెక్కించి వెళ్లేందుకు, ఇప్పుడు మీరు దూరప్రయాణానికి చిన్న ట్రైలర్ ఎంచుకుంటున్నారా? ఖాళీ బరువు కాదు, నీళ్లూ సామానూ నింపాక తూగే బరువు చూడండి. అది మీ కారు లాగగల పరిమితి దాటకూడదు. బరువైనవి ఇరుసు దగ్గరే, కిందుగా సర్దాలి. వెనక భారం పెరిగితే వేగంలో ట్రైలర్ అటూఇటూ ఊగుతుంది.