పైథాన్‌కి ముహూర్తం పెట్టేదెవరు?

యూట్యూబ్‌లో ఎప్పటిదో పాత వీడియో చూసి పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టారనుకోండి. అందులో సార్ ‘ప్రింట్’ అని కొట్టి, పక్కనే కొటేషన్లలో ‘హలో’ అని రాసి ఎంటర్ నొక్కుతారు. ఆయనకు చక్కగా హలో వచ్చేస్తుంది. అదే లైను మీ ల్యాప్‌టాప్‌లో కొడితే ఎర్రర్! బ్రాకెట్లు ఏవీ అని అడుగుతుంది. మీరు చూసి రాయడంలో తప్పు లేదు, సార్ చెప్పడంలోనూ తప్పు లేదు. ఆయన పైథాన్ 2లో ఉన్నారు, మీరు పైథాన్ 3లో ఉన్నారు. అంతే తేడా. కానీ ఆ తేడా వెనక పన్నెండేళ్ల తలనొప్పి ఉంది.

ఇప్పుడు ఏటా అక్టోబరు రాగానే కొత్త పైథాన్ వస్తోంది కదా... 3.12, 3.13, 3.14 అంటూ. ఆ తేదీ ఎవరు పెడతారు, ఏది లోపలికి వస్తుంది, ఏది ఆగిపోతుంది అన్నదంతా ఆ తలనొప్పి నుంచి పుట్టిందే.

ముందు ఒక చిన్న సంగతి. పైథాన్ అంటే భాష. మనం డౌన్‌లోడ్ చేసుకునేది ఆ భాషలో రాసింది చదివి కంప్యూటర్‌తో పని చేయించే ప్రోగ్రామ్. దాని పేరు సీపైథాన్. సి భాషలో రాశారు కాబట్టి ఆ పేరు. దాని సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో ఎవరైనా చూడొచ్చు. దీనికి ఓనర్ కంపెనీ అంటూ లేదు, ‘ఫలానా తేదీకి కావాల్సిందే’ అని టేబుల్ గుద్దే బాస్ కూడా లేడు. పని చేసేవాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. అలాంటి గుంపు, ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌కి డేట్ ఫిక్స్ చేసి నిలబెట్టుకోవాలి. మన సినిమా వాళ్లు ‘సంక్రాంతికి పక్కా’ అని పోస్టర్ వేశాక ఏమవుతుందో మనకు తెలుసుగా!

తెలుగు పొడవెంత?

2008 డిసెంబరు 3న పైథాన్ 3.0 వచ్చింది. పైథాన్‌ని పుట్టించిన గైడో వాన్ రోసమ్, ఆయన టీమ్ కలిసి తీసుకున్న నిర్ణయం ఏమిటంటే, పాత తప్పులన్నీ ఒకేసారి కడిగేద్దాం, పాత ప్రోగ్రాములు కొత్తదానిలో నడవకపోయినా సరే అని. ప్రింట్‌కి బ్రాకెట్లు రావడం అందరికీ కనిపించిన మార్పు. అసలు మార్పు అది కాదు. అక్షరాలను చూసే పద్ధతే మారింది.

మనకు బాగా అర్థమయ్యే ఉదాహరణ చెప్తాను. యూటీఎఫ్-8లో ఉన్న ‘తెలుగు’ అనే మాటను మామూలు కొటేషన్లలో పెట్టి, దీని పొడవెంత అని పైథాన్ 2ని అడిగితే 18 అనేది. ఎందుకంటే అది అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెట్టేది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. అదే పైథాన్ 3ని అడిగితే 6 అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మన కంటికి మూడే అక్షరాలు కదా అంటారా, అది యూనికోడ్ వాళ్లతో తేల్చుకోవాల్సిన లెక్క! పైథాన్ 3లో అయితే వేరియబుల్ పేరే ‘వయసు’ అని తెలుగులో పెట్టుకోవచ్చు, నడుస్తుంది.

పైథాన్ 2లో కూడా కొటేషన్ ముందు ‘యు’ అనే ఇంగ్లీషు అక్షరం పెడితే యూనికోడ్ వచ్చేది. కానీ అది పెట్టినవీ పెట్టనివీ కలిసిపోయి రభస అయ్యేది. ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేసినంతసేపూ అంతా బాగానే ఉండేది. ఎవరో ఒకరు తన పేరు సొంత లిపిలో టైప్ చేయగానే ప్రోగ్రామ్ ఢమాల్. కాబట్టి మార్పు అవసరమే. మన భాషల వైపు నుంచి చూస్తే చాలా అవసరం. ఆ మాటకొస్తే, అప్పుడు మార్చకుండా ఉండి ఉంటే ఇవాళ మనం ఇంకా తిట్టుకునేవాళ్లం.

మరి ఎక్కడ దెబ్బతింది? ప్లానింగ్ దగ్గర.

పాత కోడ్‌ని కొత్తదానిలోకి మార్చే ఒక టూల్ ఇచ్చారు. దాన్ని ఒకసారి నడిపేసి అందరూ ఇటు వచ్చేస్తారనుకున్నారు. కానీ ఎవరి ప్రోగ్రామూ ఒంటరిగా ఉండదు కదా. మీ ప్రోగ్రామ్ ఒక లైబ్రరీ మీద ఆధారపడుతుంది, ఆ లైబ్రరీ ఇంకో లైబ్రరీ మీద. కింది లైబ్రరీ మారితే గానీ పైవాళ్లు మారలేరు. పైన వాడేవాళ్లు అడిగితే గానీ కిందివాళ్లకు మార్చే తొందర ఉండదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! దానికి తోడు 3.0లో ఫైళ్లు చదవడం, రాయడం బాగా నెమ్మదించింది. 2009లో వచ్చిన 3.1లో ఆ భాగాన్ని సి భాషలో తిరగరాశాక గానీ దారిలో పడలేదు.

ఇంకో తమాషా. ఇకపై అవసరం లేదు కదా అని ఆ ‘యు’ని 3.0లో తీసేశారు. దాంతో ఒకే కోడ్‌ని 2లోనూ 3లోనూ నడపాలనుకున్నవాళ్లకు చుక్కలు కనిపించాయి. చివరికి 2012లో వచ్చిన 3.3లో దాన్ని మళ్లీ తెచ్చి పెట్టారు. ఏ పనీ చేయని ఒక్క అక్షరం. కానీ అది ఉంటే జనం రెండు పడవల మీద కాళ్లు పెట్టి మెల్లగా దాటుకోగలరు. ఈ విషయం అర్థం కావడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది.

పైథాన్ 2లో ఆఖరిదైన 2.7 వెర్షన్ 2010లో వచ్చింది. 2015 వరకే చూసుకుంటామన్నారు. 2014కి వచ్చేసరికి అది అయ్యే పని కాదని తేలిపోయి గడువు 2020కి జరిపారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 2.7.18తో ఆ కథ ముగిసింది. అంటే పన్నెండేళ్ల పాటు ఒకే టీమ్ రెండు సంసారాలు నడిపిందన్నమాట.

అయినా పైథాన్ అదృష్టవంతురాలే అనాలి. పెర్ల్ 6 సంగతి చూడండి. 2000లో ప్రకటించారు, 2015 క్రిస్మస్‌కి వచ్చింది, 2019లో ఏకంగా పేరే ‘రాకు’ అని మార్చుకుని వేరే భాష అయిపోయింది. పీహెచ్‌పీ 6 అసలు రానే లేదు. దాని మీద పుస్తకాలు మాత్రం ముందే వచ్చేశాయి! అక్కడా యూనికోడ్ పనే మెడకు చుట్టుకుంది. 2010లో ఆ ప్రయత్నం ఆపేసి, 2015లో నేరుగా 7తో వచ్చారు.

మేలో తలుపు మూస్తారు

ఇంతకుముందు పైథాన్ వెర్షన్ల మధ్య సుమారు ఏడాదిన్నర గ్యాప్ ఉండేది. అంత గ్యాప్ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఇప్పుడు తప్పితే మళ్లీ ఏడాదిన్నరకు గానీ దొరకదని, సగం ఉడికిన ఫీచర్‌ని కూడా చివరి వారంలో తోసేయాలనిపిస్తుంది. అందుకే వూకాష్ లాంగా రాసిన ప్రతిపాదనతో ఏటా ఒకసారి, అదీ అక్టోబరులోనే అనే పద్ధతి వచ్చింది. 2020 అక్టోబరు 5న వచ్చిన 3.9తో అది అమల్లోకి వచ్చింది.

పద్ధతి చాలా సింపుల్. ఫీచర్ కోసం బండి ఆగదు. మే నెలలో మొదటి బీటా వచ్చేసరికి తలుపు మూసేస్తారు. లోపల ఉన్నవే ఉన్నట్టు, మిగతావి వచ్చే ఏడాదికి. అక్కడి నుంచి బగ్గులు సరిచేయడమే పని. ఆగస్టు నుంచి రిలీజ్ క్యాండిడేట్లు, అంటే ‘ఇంకేమీ బయటపడకపోతే ఇదే ఫైనల్’ అనే కాపీలు. ఏదైనా పాత వస్తువు తీసేయాలన్నా కనీసం రెండు వెర్షన్ల ముందు నుంచే హెచ్చరిక చూపించాలి. 3.13లో పాతబడ్డ 19 మాడ్యూళ్లు తీసేశారు, వాటికి 3.11 నుంచే నోటీసు ఉంది. బయటికి వచ్చిన వెర్షన్‌ని ఐదేళ్లు చూసుకుంటారు, చివరి ఏళ్లలో సెక్యూరిటీ సమస్యలు మాత్రమే.

దీనంతటికీ ఒక రిలీజ్ మేనేజర్ ఉంటారు. బండికి గార్డు లాంటి మనిషి. పచ్చజెండా ఊపడం తేలికే. ఎర్రజెండా ఎప్పుడు ఊపాలన్నదే అసలు ఉద్యోగం.

అక్టోబరు 1, 2024

3.13 రావాల్సిన రోజు అది. రిలీజ్ మేనేజర్ థామస్ వౌటర్స్. ఆ వెర్షన్‌లో మెమరీలో చెత్త ఊడ్చే పద్ధతి మార్చారు. పాత పద్ధతిలో ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపి మొత్తం ఒకేసారి ఊడ్చేవారు. కొత్త పద్ధతిలో కొంచెం కొంచెంగా ఊడుస్తూ పోవడం. పెద్ద ప్రోగ్రాములు మధ్యలో ఆగి ఆగి నడిచే బాధ తగ్గుతుందన్నది ఆశ. ఆలోచన మంచిదే. బీటాలు దాటింది, రిలీజ్ క్యాండిడేట్లలోనూ ఉంది. తీరా ముహూర్తం దగ్గరపడ్డాక కొన్ని ప్రోగ్రాములు దీనివల్ల నెమ్మదించాయని తేలింది.

ఇప్పుడేం చేయాలి? తెలిసి తెలిసి నెమ్మది పైథాన్‌ని జనం మీదకు వదిలేయాలా? లేక పీకేయాలా? పీకేయడం కూడా చిన్న విషయం కాదు. నెలల తరబడి జనం టెస్ట్ చేసింది ఆ మార్పు ఉన్న పైథాన్‌ని. ఆఖరి రోజున తీసేస్తే, ఎవరూ పూర్తిగా టెస్ట్ చేయని పైథాన్ బయటికి వెళ్తుంది. తాళి కట్టే వేళకు వంటవాణ్ని మార్చినట్టు!

వాళ్లు పీకేశారు. కానీ అలాగే రిలీజ్ చేసేయలేదు. అక్టోబరు 1న ఫైనల్ బదులు మూడో రిలీజ్ క్యాండిడేట్ వదిలారు. దీన్ని కూడా ఒకసారి నడిపి చూడండి అని అందరికీ ఇంకో వారం ఇచ్చారు. అక్టోబరు 7న అసలు 3.13 వచ్చింది. అంతకుముందు 3.11 కూడా ఇలాగే అక్టోబరు 3 నుంచి 24కి జరిగింది.

వారం ఆలస్యం చాలామందికి తెలియను కూడా తెలియలేదు. 2008లో ఈ అలవాటే ఉండి ఉంటే ఆ నెమ్మది 3.0 అలా బయటికి వచ్చేదా అనిపిస్తుంది నాకు.

4.0 అనే మాటే వద్దు

అంతకన్నా పెద్ద పని ఇంకోటి నడుస్తోంది. పైథాన్ లోపల జీఐఎల్ అని ఒక తాళం ఉంది. మీ కంప్యూటర్‌లో ఎనిమిది కోర్లున్నా, ఒక ప్రోగ్రామ్‌లో ఒక సమయంలో ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడపగలదు. ఆ తాళం తీసేసే మార్గం శామ్ గ్రాస్ చూపించాడు. 2023లో దానికి స్టీరింగ్ కౌన్సిల్ ఒప్పుకుంది. 2018లో గైడో పెద్దరికం వదులుకున్నాక, పైథాన్ డెవలపర్లు ఓట్లేసి ఎన్నుకునే ఐదుగురి కమిటీ అది.

ఒప్పుకుంటూనే పెట్టిన షరతు ఏమిటంటే, మళ్లీ పైథాన్ 3 లాంటి పరిస్థితి రాకూడదని. అందుకే తాళం లేని పైథాన్‌ని 3.13లో ‘ప్రయోగం’ అని పక్కన విడిగా పెట్టారు. 2025 అక్టోబరు 7న వచ్చిన 3.14లో దానికి అధికారిక గుర్తింపు ఇచ్చారు, అయినా మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది పాతదే. కావాలనుకున్నవాళ్లు అటు, మిగతావాళ్లు ఇటు. బెడిసికొడితే వెనక్కి రావడానికి దారి కూడా తెరిచే ఉంచారు.

నంబరును కూడా 4 దాకా పోనివ్వకుండా 3 మీదే సాగదీస్తున్నారు. దాని తిప్పలు దానివి. 3.9 తర్వాత 3.10 వచ్చినప్పుడు, కొన్ని సెట్టింగ్ ఫైళ్లలో కొటేషన్లు లేకుండా 3.10 అని రాస్తే, కంప్యూటర్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుని చివరి సున్నా కొట్టేసింది. 3.1 కావాలనుకుని 2009 నాటి పైథాన్ కోసం వెతకడం మొదలుపెట్టింది!

మీ దగ్గర కాలేజీ ప్రాజెక్టు ఏదైనా పైథాన్‌లో ఉంటే, ఈసారి మేలో బీటా రాగానే అందులో ఒకసారి నడిపి చూడండి. ఆగిపోతే గిట్‌హబ్‌లో రాయండి. జూన్‌లో చెబితే సరిచేయడానికి టైముంటుంది. సెప్టెంబరు ఆఖర్లో చెబితే ఎవరో ఒకరికి నిద్ర ఉండదు.

అన్నట్టు, మొదట్లో పైథాన్ 3లో ప్రింట్‌కి బ్రాకెట్లు పెట్టకపోతే ‘సింటాక్స్ తప్పు’ అని మాత్రమే చెప్పి ఊరుకునేది. ఎక్కడ తప్పో మనమే వెతుక్కోవాలి. బ్రాకెట్లు మర్చిపోయావని విడమరిచి చెప్పే మెసేజ్ కొన్నేళ్ల తర్వాత పెట్టారు. పాత వీడియో చూసి మీరు నొక్కిన ఎంటర్‌కి జవాబుగా వచ్చింది అదే.