చైను లేని కారుకు చైను పేరు

కోయంబత్తూరు ఎల్‌జీబీ వారిది చైన్ల తయారీ. మోటారు సైకిళ్లకు వేసే రోలాన్ చైన్లు వాళ్లవే. అక్కడి తెలుగు కమ్మవారి కుటుంబం నిలబెట్టిన ఈ సంస్థ తర్వాత రేసుకార్లు కట్టి, ఫార్ములా ఎల్‌జీబీ, ఫార్ములా రోలాన్ అని పేర్లు పెట్టింది. ఆ కార్ల చక్రాలను తిప్పేది చైను కాదు. అలాంటప్పుడు ఇది వట్టి ప్రచారమేగా అని ఎవరైనా అడగవచ్చు. ప్రచారం ఉంది, కాదనను. కానీ చైను కట్టే నేర్పుకీ ఆ కార్లకీ అంతకన్నా దగ్గరి చుట్టరికం ఉంది.

1880లో హాన్స్ రెనాల్డ్ మాంచెస్టర్‌లో తెచ్చిన రోలర్ చైను ఎంత తెలివైనదో చూడండి. లోపలి పలకలను కలిపేది బుష్ అనే గుల్ల గొట్టం. దానిలోంచి దూరేది బయటి పలకల పిన్ను. బుష్ మీద వదులుగా తిరిగేది రోలర్. పళ్లచక్రం పన్ను తగిలితే రోలర్ రాసుకోకుండా దొర్లుతుంది. చైను వంగేటప్పటి రాపిడి మాత్రం పిన్నుకీ బుష్‌కీ మధ్య, నూనె నిలిచే చోట, బుష్ పొడవునా పరుచుకుంటుంది. చైను సాగిందని మెకానిక్ చెప్పినప్పుడు నిజానికి సాగిన ఉక్కేమీ లేదు. ఆ కీళ్లే అరిగాయి. కీలుకు 0.1 మి.మీ. చొప్పున అరిగినా 100 లింకులకు 10 మి.మీ. పెరుగుతుంది, రోలర్లు పళ్ల కొసలకు ఎక్కుతాయి. అందుకే పిన్ను పైపొర గట్టిగానూ లోపల పగలకుండానూ ఉండాలి, పిన్ను నుంచి పిన్నుకు దూరం 12.7 మి.మీ. అనుకుంటే ప్రతి లింకులోనూ సరిగ్గా 12.7 మి.మీ.యే ఉండాలి. ఒక్కటి తేడా వస్తే బరువంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది.

ఇక కార్ల సంగతి. కోయంబత్తూరులోనే ఎస్. కరివర్ధన్ ఎల్‌జీబీ కన్నా ముందే మారుతి 800 ఇంజనుతో, అంటే 796 సీసీతో, ఒంటిసీటు రేసుకారు కట్టి దారి చూపాడు. 2005లో ఫార్ములా వన్‌కు చేరిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ మొదట నడిపింది అలాంటి కార్లనే. ఎల్‌జీబీ ఆ దారే పట్టింది: అందరికీ ఒకే ఇంజను, ఒకే చట్రం. కార్లన్నీ ఒకటే అయితే ఇంజనీరు ప్రతిభకు చోటేదని ఆక్షేపించేవారున్నారు. నాకు ఇది తలకిందుల వాదన అనిపిస్తుంది. ఒక వేగమైన కారు కట్టడం కన్నా, ఒకదానికొకటి తీసిపోని పాతిక కార్లు కట్టడం కష్టం. వేల లింకులను ఒకే కొలతకు తెచ్చినవాళ్లకు ఆ కష్టం కొత్త కాదు. పైగా ఖర్చు తగ్గి, డబ్బున్న జట్టుదే గెలుపన్న మాట పోతుంది. ఓడిన డ్రైవరు కారు మీద నెపం వేయలేడు. కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయంలో కరివర్ధన్ పేరిట ఉన్న కరి స్పీడ్‌వేలో 1300 సీసీ మారుతి ఇంజన్ల ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ కోసం పోటీపడుతూ వచ్చాయి.